పాటిగడ్డ పూసలతో ల్యాబుల చుట్టూ: నా అనుభవం

ముందే చెప్పేస్తున్నాను, నేను సైన్స్ చదివినదాన్ని కాదు. ఇంటర్‌లో సీఈసీ, డిగ్రీలో హిస్టరీ, పీజీలో ఆర్కియాలజీ. పదో తరగతి తర్వాత పీరియాడిక్ టేబుల్ మొహం చూసింది లేదు. అలాంటిదాన్ని డిస్సర్టేషన్ పుణ్యమా అని 2024 జూన్ నుంచి 2025 ఏప్రిల్ దాకా ఒక డబ్బాలో పాత గాజుపూసలు, విరిగిన చేతిగాజుల ముక్కలు పెట్టుకుని హైదరాబాద్‌లో ల్యాబుల చుట్టూ తిరిగాను. పేపర్లలో అయితే "ఎక్స్‌ఆర్‌ఎఫ్, సెమ్, ఐసీపీ పద్ధతుల్లో విశ్లేషించాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు (ఎక్స్‌ఆర్‌ఎఫ్ అంటే ఎక్స్-రేలతో మూలకాలను పట్టేది, సెమ్ అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, ఐసీపీ అంటే లేజర్‌తో లేపిన ధూళిని ప్లాస్మాలోకి పంపి మూలకాలను కొలిచేది). ఎవరిని అడగాలి, ఎన్నాళ్ళు ఆగాలి, ఎంతవుతుంది, ఏ యంత్రం ఏది చెప్పలేదు అన్నది మాత్రం ఎవరూ రాయరు. మా జూనియర్లు వరసగా అవే అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకేచోట రాసేస్తున్నాను.

పూసలు నావి కావు. ఎప్పుడో మా సీనియర్ ప్రొఫెసర్లు సంగారెడ్డి జిల్లాలో ఒక పాటిగడ్డ (పాతకాలపు ఊరు ఉండి పోయిన దిబ్బ) మీద తిరిగినప్పుడు ఏరి తెచ్చి, నంబర్లు వేసి స్టోర్‌లో పెట్టినవి. తొలకరి పడి పైమట్టి కొట్టుకుపోయాక పాటిగడ్డల మీద పూసలు తేలడం ఆ ఊళ్ళవాళ్ళకు మామూలే. కొండాపూర్ కూడా ఆ జిల్లాలోదే. 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్విన ఊరు, అక్కడ మ్యూజియం ఉంది, ఈ సబ్జెక్టు తీసుకునేవాళ్ళు ముందు ఒకసారి వెళ్ళి అక్కడి పూసలు చూసి రండి. మా పూసలు తవ్వకంలో పొరల వారీగా దొరికినవి కావు, కాబట్టి వీటి కాలం ఇదీ అని గట్టిగా అనలేం. అదొక లోటే. కానీ తవ్వకాల్లో దొరికినవాటి మీద మాలాంటి పీజీ వాళ్ళను చెయ్యి వేయనివ్వరు, ఇవైతే అడిగితే దొరికే ఆశ ఉంది.

ఒక్క మాట, ఎవరైనా సొంతంగా ఏరుకొచ్చి పరీక్ష చేయిద్దాం అనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, రక్షిత స్థలంలో ఏరడం అసలే కుదరదు. పైగా నేను వెళ్ళిన ప్రతి ల్యాబ్‌లోనూ మొదటి ప్రశ్న "ఇవి ఎవరివి, లెటర్ ఉందా" అనే. లెటర్ లేకపోతే స్లాట్ సంగతి దేవుడెరుగు, గేటు దగ్గరే ఆపేస్తారు.

పర్మిషన్ దగ్గరే వానాకాలం సగం గడిచిపోయింది. జూన్ మూడో వారంలో అప్లికేషన్ పెట్టాను, త్రూ ప్రాపర్ ఛానల్. జూలై చివర్లో తిరిగొచ్చింది, పూసలకు ఏ హానీ జరగదని రాసివ్వమన్నారు. అక్కడే చిక్కంతా. ఎక్స్‌ఆర్‌ఎఫ్ అయితే పూసను ముట్టుకోదు, నిజంగానే ఏమీ కాదు. సెమ్‌కు తెగిన ముఖం నున్నగా అరగదీయాలి. ఐసీపీలో లేజర్‌తో ఒక చుక్క కొడతారు, దాని వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, కంటికి ఆనదు, అయినా అది నష్టమే కదా. "కంటికి కనపడదు" అని రాస్తే చాలదు, ఎంత లోతు, ఎంత వెడల్పు, ఏయే నంబర్ల మీద అని రాయాలి. మా మేడమ్ (గైడ్) చెప్పినట్టు అప్లికేషన్‌ను మూడు భాగాలు చేశాను: నిండుగా ఉన్న పూసలకు మైక్రోస్కోప్, ఎక్స్‌ఆర్‌ఎఫ్ మాత్రమే, పగిలిన ముక్కలకు సెమ్, వాటిలోంచి కొన్నింటికే లేజర్. అలా విడదీసి పెట్టాక ఆగస్టు ఆఖరి వారంలో సంతకం అయింది. మొదటే అలా పెట్టి ఉంటే నెల కలిసొచ్చేదేమో, తెలీదు, ఆఫీసు పనులకు లెక్కలు కుదరవు.

స్టోర్ చూసుకునే పెద్దాయన రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్నారు. ప్రతి పూసా రిజిస్టర్‌లో రాసుకుని, నా సంతకం పెట్టించుకుని గానీ చేతికివ్వరు. "ఏం బిడ్డా, గీ పూసలకు గింత లొల్లి ఎందుకు?" అని నవ్వారు. మా ఇంట్లో మాత్రం నవ్వలేదు. ఆ ఏడాది ఎండాకాలంలోనే సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయని పేపర్లో వచ్చింది కదా, అప్పట్నుంచి నేను డబ్బా మూత తీస్తే చాలు మా అమ్మ "అవి ఖరీదైనవా? పోతే మనం కట్టాలా?" అని ఒకటే టెన్షన్. ఖరీదు సంగతి నాకూ తెలియదు, పోతే మాత్రం నా డిగ్రీ పోతుందని చెప్పాను. రవాణాకు ప్లాస్టిక్ కవర్లు పనికిరావు, పూసలు ఒకదానికొకటి రాసుకుని అంచులు ఊడతాయి. కోఠిలో హోమియో మందులు పోసే చిన్న గాజుసీసాలు టోకున దొరుకుతాయి, ఒక్కో సీసాలో ఒక్కో పూస, అడుగున దూది, మూత మీద నంబర్. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన అతి తక్కువ ఖర్చూ, అతి మంచి ఖర్చూ ఇదే.

సెప్టెంబర్ అంతా మైక్రోస్కోప్ దగ్గర. ఇక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే అందరూ తొందరపడి దాటేసేది ఈ దశనే. పూస ఎలా చేశారు అన్నది ఒక ప్రశ్న, దేనితో చేశారు అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి లక్షల, కోట్ల ఖరీదు యంత్రాలు కావాలి. మొదటిదానికి చాలావరకు జవాబు మా డిపార్ట్‌మెంట్‌లోనే మూల పడి ఉన్న పాత స్టీరియో మైక్రోస్కోప్‌లో దొరికింది. నగలవాళ్ళు వాడే 10 రెట్ల భూతద్దం ఉన్నా సగం పని అయిపోతుంది.

చూడాల్సింది గాలిబుడగలను. ఇటుకరాయి రంగులో ఉన్న ఒక పూస, వెడల్పు 3 మిల్లీమీటర్లు దాటదు. మామూలుగా చూస్తే మట్టిబెడ్డ. మైక్రోస్కోప్ కింద పెట్టి పక్కనుంచి లైటు వేస్తే ఎర్రటి ఒంటి మీద సన్నటి నల్లటి చారలు, అన్నీ రంధ్రం ఎటు పోతోందో అటే పోతున్నాయి. పక్కనున్న ఆకుపచ్చ పూసలో కాస్త వెలుతురు దూరుతుంది, దానిలో బుడగలు గుండ్రంగా లేవు, సూదుల్లా సాగి ఉన్నాయి, అవీ రంధ్రం వైపే. అంటే గాజును ముందు పొడుగాటి గొట్టంగా లాగి, ఆ గొట్టాన్ని ముక్కలు కోశారన్నమాట. అదే కడ్డీకి గాజు చుట్టి చేసిన పూసలో అయితే బుడగలూ చారలూ రంధ్రం చుట్టూ తిరుగుతాయి. లాగిన పూసలను ఇండో-పసిఫిక్ పూసలు అంటారు, పుదుచ్చేరి దగ్గర అరికమేడు వీటికి పేరున్న చోటు, అక్కడినుంచి ఆగ్నేయాసియా దాకా దొరుకుతాయి. మా డబ్బాలో ఎక్కువ భాగం అవే. చుట్టి చేసినవి నాలుగైదు తేలాయి.

పూస పైపొర పాడై మసకబారి ఉంటే లోపలి బుడగలు కనపడవు. దానికి ఒక కిటుకు ఉంది, సన్నటి బ్రష్‌తో ఒక్క నీటిబొట్టు పెడితే ఆ మసక కాసేపు పోయి లోపలంతా తేటగా కనిపిస్తుంది. ఆరేలోపు ఫొటో తీసేయాలి. పైపొర పొట్టుపొట్టుగా లేచిపోతున్నవాటికి మాత్రం నీళ్ళు పెట్టకండి. అల్ట్రాసోనిక్ బాత్‌లో వేసి కడుగుదామని ఒక ల్యాబ్ కుర్రాడు సలహా ఇచ్చాడు. మేడమ్ దాకా వెళ్ళనివ్వకుండా నేనే వద్దన్నాను.

గొట్టం లాగడం అంటే ఏమిటో నాకు మొదట ఊహకు అందలేదు. మేడమ్ చాలా ఏళ్ళ కిందట తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో ఆ పని జరుగుతుండగా చూశారట. లాడా అని ఒక పొడుగాటి బోలు ఇనుప గొట్టం, దాని కొసకు కొలిమిలో కరిగిన గాజు ముద్దను పట్టించి, శంకువులా చేసి, మధ్యలో రంధ్రం ఉండేలా ఒక ఇనుప ఊచ దూర్చి, అవతలి వైపు మనిషి కూర్చుని ఆ గాజును చేతులు మార్చుకుంటూ లాగుతూనే ఉంటాడు. జాతరలో జీడీలవాళ్ళు బెల్లం పాకాన్ని కొక్కేనికి వేసి సాగదీస్తారే, అలాగ, కాకపోతే ఇక్కడ సాగేది గొట్టం, లోపలి రంధ్రం కూడా దాంతోపాటే సాగుతుంది. ఆ గొట్టాలను ముక్కలు కోసి, రంధ్రాలు మూసుకుపోకుండా బూడిద పట్టించి, మళ్ళీ వేడి చేస్తూ కలుపుతారు, కోసిన అంచులు అప్పుడు గుండ్రబడతాయి. ఇది విన్నాక మళ్ళీ మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్తే పూసల అంచులు వేరేగా కనిపించాయి. కొన్నింటికి ఒక అంచు నున్నగా, రెండోది కోసినట్టే పదునుగా ఉంది, అవి సరిగ్గా వేడి తగలని పూసలు అయ్యుండాలి. సాయంత్రం లైట్లు ఆపేసే దాకా అక్కడే కూర్చునేదాన్ని, నిజం చెప్పాలంటే మొత్తం పది నెలల్లో నేను బాగా ఆనందించింది ఈ నెలనే.

గాజుల ముక్కలతో అంత సుఖం లేదు. గాజుకు అతుకు ఉందా, లేక అతుకు లేకుండా ముద్దకు రంధ్రం చేసి తిప్పుతూ పెంచారా అన్నది తెలియాలంటే అతుకు ఉన్న ముక్క మన చేతికి రావాలి. మూడు అంగుళాల గాజులో మన దగ్గర ఉన్నది ముప్పావు అంగుళం. అతుకు కనపడలేదు అని రాయొచ్చు, అతుకు లేదు అని రాయకూడదు.

దసరా సెలవులు అయ్యాక ఎక్స్‌ఆర్‌ఎఫ్. ఇది ఫ్రీగానే అయింది, ఒక ప్రాజెక్టు కింద కొన్న గన్ (చేత్తో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం) ఉంది, మేడమ్ మాట్లాడిపెట్టారు. మూత పెట్టిన చిన్న స్టాండులో పూసను పెట్టి బటన్ నొక్కితే రెండు నిమిషాల్లో ఎక్స్-రే గ్రాఫ్ వస్తుంది, స్క్రీన్ మీద మూలకాల పేర్లు, పక్కన శాతాలు. ఆ శాతాలు చూసి మురిసిపోకండి. ఆ గన్ కిరణం వెడల్పు 8 మిల్లీమీటర్లు, చిన్నది చేస్తే 3. మన పూసే 3. మధ్యలో రంధ్రం, చుట్టూ వంపు. కాబట్టి ఆ అంకెలు పూసవీ కావు, గాలివీ కావు. రంధ్రంలో ఇరుక్కున్న ఎర్రమట్టి ఉంటే ఇనుము అమాంతం పెరుగుతుంది. దానికి తోడు గాజులో ముఖ్యమైన సోడియం ఈ గన్‌కు అసలు కనిపించదు, దాని ఎక్స్-రే అంత బలహీనం, దారిలో గాలే మింగేస్తుంది. ఏ రంగుకు ఏ లోహం వాడారు అన్నంతవరకు మాత్రం బాగా పనికొస్తుంది: ఎరుపులో రాగి, పసుపులో సీసం, తగరం రెండూ కలిసి, ఊదాలో మాంగనీస్.

మొదటి రోజే ఒక గాజు ముక్కలో టైటానియం బోలెడంత వచ్చింది. ఆపరేటర్ అన్న, నేను మొహమొహాలు చూసుకున్నాం. తిప్పి చూస్తే అటు వైపు తెల్లరంగు మచ్చ, దాని మీద నల్లసిరాతో నంబర్. తెల్లరంగులో ఉండేదే టైటానియం డయాక్సైడ్. ముక్కను తిప్పి పెట్టాక మామూలు స్థాయికి వచ్చేసింది. నంబర్ వేసిన వైపు ఎప్పుడూ కొట్టకండి, నంబర్ కింద ఏం పూశారో స్టోర్‌లో అడిగి రాసుకోండి.

ఇంకో సంగతి ఇంతకంటే బాగుంటుంది. మా డబ్బాలో కుంకుమరంగులో మెరిసే ఒక పూస ఉంది, అన్నింట్లోకీ అందమైనది అదే, ఫొటోలన్నింట్లో దాన్నే ముందు పెట్టాను. ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో రాగి లేదు. కాడ్మియం, సెలీనియం వచ్చాయి. కాడ్మియం-సెలీనియంతో ఎరుపు తేవడం 19వ శతాబ్దం చివర్లో గానీ మొదలవలేదు. అంటే పొలం పనికి వెళ్ళిన ఎవరి మెడలోదో దండ తెగి రాలిన పూస. స్టోర్ పెద్దాయనకు చెప్తే "గది జాతరల కొన్నదే అయ్యుంటది, నేను ఎన్నడో అనుకున్న" అన్నారు. అనుకున్నవారు ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!

ముదురు నీలం పూసల దగ్గర నాకు నిజంగా తల తిరిగింది. గన్ సాఫ్ట్‌వేర్ కోబాల్ట్ ఉందంటుంది. నీలం కాబట్టి ఉండే ఉంటుంది అనుకుని రాసేయబోతే ఆపరేటర్ అన్న ఆపాడు. గ్రాఫ్‌లో కోబాల్ట్ మొదటి గీత 6.93 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది, ఇనుము రెండో గీత 7.06 దగ్గర, రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇనుము బాగా ఉన్న ఏ గాజుకైనా సాఫ్ట్‌వేర్ కోబాల్ట్ అని పొరపడొచ్చు. కోబాల్ట్‌తో ఇంకో ఇబ్బంది, ముదురు నీలానికి కొన్ని వందల పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు అని) ఉంటే చాలు. అంత తక్కువను ఇనుము నీడలోంచి బయటికి లాగడం ఈ గన్ వల్ల కాదు. ఆ రోజు నోట్స్‌లో "కోబాల్ట్: ?" అని రాసుకుని ఇంటికొచ్చాను. ఆ ప్రశ్నార్థకం మార్చి దాకా అలాగే ఉంది. రెండు నీలం పూసల్లో పొటాషియం మాత్రం మిగతావాటికి పొంతన లేనంత ఎక్కువ వచ్చింది, అది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సెమ్‌కు స్లాట్ అడిగింది అక్టోబర్ ఆఖర్లో, దొరికింది డిసెంబర్ రెండో వారంలో. ఈలోపు ముక్కలను రెజిన్‌లో పోసి సిద్ధం చేసుకోవాలి. చిన్న అచ్చులో ముక్కను నిలబెట్టి ఎపాక్సీ పోసి, రాత్రంతా వదిలేసి, తర్వాత అరగదీయడం, మొదట ఎమెరీ పేపరు, ఆ తర్వాత డైమండ్ పేస్ట్ 6 మైక్రాన్లు, 3, ఆఖరున 1. చలికి రెజిన్ గట్టిపడక జిగటగా ఉండిపోతే ఇంకో రోజు ఆగాల్సి వచ్చింది. అరగదీయడం మెషిన్ మీదే అయినా పట్టుకోవాల్సింది మనమే, వేళ్ళు కొంకర్లు పోతాయి. రెజిన్‌లో ఒకసారి పోశాక ఆ ముక్క ఇక బయటికి రాదు, పర్మిషన్ లెటర్‌లో ఈ మాట ముందే ఉండాలి.

ఫీజు గంటకు 1,200, పైపూతకు వేరేగా 400, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. విద్యార్థుల రేటు అది, బయటివాళ్ళకు ఇంకా ఎక్కువ. ల్యాబ్‌వాళ్ళు అలవాటుగా బంగారం పూత వేయబోతారు. గాజుకైతే కార్బన్ అడగండి. బంగారం గీత ఫాస్ఫరస్ గీతకు మరీ దగ్గరగా వచ్చి దాన్ని కప్పేస్తుంది, ముందే చెప్పకపోతే అడగను కూడా అడగరు.

స్లాట్ రోజు లోపలికి వెళ్ళి కూర్చున్నాక వ్యాక్యూమ్ ఎక్కడానికే పావుగంట పోయింది, ఆ పావుగంటా మన గంటలోదే. స్క్రీన్ మీద గాజు మొదటిసారి బూడిదరంగు మైదానంలాగా వస్తుంది, ఏమీ ఉండదు. అంచుకు జరిపితే సన్నటి నల్లటి పొర, అది మట్టిలో వందల ఏళ్ళు ఉండి పాడైన పైపొర. అక్కడ కొలిస్తే సోడియం దాదాపు 4 శాతం, లోపలి తాజా గాజులో 16 దరిదాపుల్లో. నీళ్ళు ఏళ్ళ తరబడి సోడాను లాగేసుకున్నాయి. అరగదీయకుండా పైన కొలిచిన అంకెలను ఎందుకు నమ్మకూడదో ఈ ఒక్క బొమ్మ చూస్తే చాలు. అక్కడి మేడమ్ ఇంకోటి చూపించారు: ఎలక్ట్రాన్ కిరణాన్ని ఒకే చుక్క మీద ఆపి ఉంచితే సోడియం అంకె మన కళ్ళముందే తగ్గిపోతుంది, అది కిరణం వేడికీ చార్జికీ పక్కకు తప్పుకుంటుంది. అందుకే చుక్క కాదు, చిన్న చతురస్రం గీసి దాని మీద కిరణాన్ని తిప్పుతూ కొలవాలి. ఎవరో చేసిన పాత రీడింగులతో పోల్చేటప్పుడు ఇది అడిగి తీరాలి.

అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) 9 శాతం చుట్టూ వచ్చింది. రోమన్ గాజులో ఇది 2, 3 శాతమే ఉంటుంది. మన దక్షిణాదిలో ఎక్కువగా దొరికే రకం ఇదే, సోడా ఎక్కువ, అల్యూమినా ఎక్కువ, సున్నం తక్కువ. చౌడు నేలల మీద తెల్లగా తేలే సోడాను, అల్యూమినా ఉన్న ఇసుకతో కలిపి కరిగించి ఉంటారని పరిశోధకులు అంటారు. మా మెదక్ తాతయ్య వాళ్ళ ఊళ్ళో ఏ పంటా పండదని వదిలేసిన చౌడు చెలక గుర్తొచ్చింది. దాన్ని చూసి ఎవరో గాజు అనుకున్నారంటే ఆ మనిషికి దండం పెట్టాలి.

ఇటుక ఎరుపు పూస ముక్కను ఆఖర్న చూశాం. పెద్దది చేస్తే బూడిదరంగు గాజులో తెల్లటి ధూళి చల్లినట్టు చుక్కలు, ఒక్కోటి మైక్రాన్ కూడా లేదు. రాగి కణాలు. రాగి గాలి తగిలితే ఆకాశనీలమో ఆకుపచ్చో ఇస్తుంది. ఎర్రగా రావాలంటే కొలిమిలో గాలి తక్కువ ఉండాలి, రాగి తిరిగి కణాలుగా కట్టాలి, మరీ ఎక్కువైతే నల్లబడిపోతుంది. మైక్రోస్కోప్‌లో కనిపించిన నల్ల చారలు ఇవన్నీ ఒకేలా కుదరని చోట్లే అయ్యుంటాయి. ధర్మామీటరు లేదు, గ్యాసు మీటరు లేదు, పొగ చూసి, మంట రంగు చూసి చేసిన పని. ఆ గంట అయిపోయేసరికి బయట చీకటి పడింది, స్లాట్ ఇంకో పది నిమిషాలు పొడిగించమని అడిగితే వెనకాల ఎవరో సిమెంట్ శాంపిళ్ళతో నిలబడి ఉన్నారు.

లేజర్ ఐసీపీ మీద నాకు ఓపిక అయిపోయింది. జనవరిలో సంక్రాంతికి ముందు అప్లై చేశాను. ఫిబ్రవరిలో తేదీ ఇచ్చి, ఆర్గాన్ సిలిండర్ అయిపోయిందని వాయిదా వేశారు. మళ్ళీ ఇచ్చారు, ఈసారి మెషిన్ సర్వీసుకు. మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. మార్చి మూడో వారంలో పని అయింది. శాంపిల్‌కు 2,500, పైన జీఎస్టీ. అందుకే ఎక్కువ పంపలేదు, నీలం రెండూ, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, గాజుల ముక్కలు రెండు. నిండుగా ఉన్న నీలం పూసలు రెంటికీ పర్మిషన్ మళ్ళీ విడిగా తెచ్చుకోవాల్సి వచ్చింది, ఆ లెటర్ ఫిబ్రవరి వాయిదా పుణ్యాన సమయానికి అందింది.

చూడటానికి ఏమీ ఉండదు. పూసను చిన్న గదిలాంటి దాంట్లో పెట్టి మూస్తారు, హీలియం పారుతుంది, లేజర్ టపటపమని కొడుతుంది, లేచిన ధూళి గ్యాసుతోపాటు ప్లాస్మాలోకి పోతుంది. మొదటి కొన్ని క్షణాల లెక్క పారేస్తారు, అది పాడైన పైపొరది. మధ్యమధ్యలో కూర్పు ముందే తెలిసిన గాజు నమూనాలను కొడతారు, నిస్ట్ 610, 612, ఇంకా కార్నింగ్ గాజులు. ఈ కార్నింగ్‌వి పురాతన గాజు కూర్పును పోలేలా కావాలని తయారుచేసినవి. అవి ల్యాబ్‌లో ఉన్నాయో లేదో డబ్బు కట్టే ముందే అడగాలి, లేకపోతే ఆ అంకెలను ఇంకెవరి అంకెలతోనూ ధైర్యంగా పోల్చలేం. లేజర్ దెబ్బ తగిలిన చోటును తర్వాత భూతద్దంతో వెతికినా నాకు దొరకలేదు.

రిజల్ట్ వచ్చిందని ఫైల్ తెరిస్తే శాతాలు లేవు. సెకనుకు ఇన్ని కౌంట్లు అని వేల వరసల అంకెలు. దాన్ని ఆక్సైడ్ శాతాలుగా మార్చడం మన పనే అన్నారు. మా కజిన్ కెమిస్ట్రీ పీహెచ్‌డీ, వాడి కాళ్ళు పట్టుకుని రెండు ఆదివారాలు కూర్చుంటే ఎక్సెల్‌లో తేలింది. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు పూసల్లో బేరియం ఎక్కువ, యురేనియం తక్కువ. ఈ గుంపును దక్షిణ భారతం, శ్రీలంక గాజుతో కలిపి చూస్తారు, శ్రీలంకలో గిరిబావా దగ్గర అలాంటి గాజు తయారుచేసిన చోటు కూడా బయటపడింది. యురేనియం అనగానే మా అమ్మ ఆ డబ్బా పూజగది పక్కనుంచి తీసేయమంది. పీపీఎంలో కొన్నే అమ్మా అంటే వినదు.

నీలం రెంటిలో కోబాల్ట్ ఖాయంగా ఉంది, ప్రశ్నార్థకం కొట్టేశాను. అంతకంటే పెద్ద సంగతి, అవి సోడా గాజే కాదు. సోడియం నామమాత్రం, పొటాష్ (పొటాషియం ఆక్సైడ్) 14 శాతం, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో పొటాషియం అంత ఎక్కువ వచ్చింది అందుకే. ఒకే డబ్బా, ఒకే పాటిగడ్డ, మైక్రోస్కోప్‌లో మిగతావాటితో సమానంగా లాగి చేసిన పూసలే, ముడిసరుకు మాత్రం పూర్తిగా వేరే. చేసే పద్ధతి ఒకటే అయినంత మాత్రాన గాజు ఒకచోటిది అనుకోవడానికి లేదు. ఇలాంటి పొటాష్ గాజు అరికమేడులోనూ, ఆగ్నేయాసియాలోనూ తెలుసు. ఎటునుంచి వచ్చాయో రెండు పూసలతో తేల్చేయడం నాకు ఇష్టంలేదు, వైవాలో ఒక సార్ గట్టిగా లాగినా నేను దిగలేదు.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది, "ఇంతకీ ఎన్నేళ్ళ నాటివి?" గాజుకు కార్బన్ డేటింగ్ కుదరదు, దాంట్లో కొలవడానికి కార్బన్ లేదు. కూర్పు ఫలానా కాలపు గుంపుతో సరిపోతోంది అనొచ్చు, అంతే. మా బంధువుల్లో ఒకాయన ఇది విని "మరి ఇన్ని డబ్బులు పోసి ఏం కనుక్కున్నట్టు?" అన్నారు. మొత్తం నా జేబులోంచి పోయింది 27 వేల దాకా, స్కాలర్‌షిప్ రెండు నెలలు ఆలస్యమవడంతో అందులో కొంత ఆయన దగ్గరే తీసుకున్నాను కాబట్టి గట్టిగా ఏమీ అనలేకపోయాను.

ఏప్రిల్ రెండో వారంలో పూసలు తిరిగి అప్పగించాను. పెద్దాయన రిజిస్టర్ ముందేసుకుని, సీసా సీసా విప్పి, ఒక్కో పూసను అరచేతిలో వేసుకుని టిక్కు పెట్టారు, మధ్యాహ్నం అంతా పట్టింది. రెజిన్‌లో పోసిన ముక్కలను మాత్రం అటూ ఇటూ తిప్పి "గిది రాయి చేసినవ్ కదా" అని ఒక చూపు చూసి, లెటర్ చదివి, పక్కన వేరే పేజీలో రాశారు. ఆ కుంకుమరంగు పూసను పాతవాటి లెక్కలోంచి తీసేయమని అడిగాను. నంబర్ పడ్డాక తీయడం ఆయన చేతిలో లేదట, దానికి కమిటీకి మళ్ళీ లెటర్ పెట్టాలి. పెట్టాను, ఎక్స్‌ఆర్‌ఎఫ్ గ్రాఫ్ జతచేసి, త్రూ ప్రాపర్ ఛానల్. జూన్ వచ్చేసింది, ఇంకా ప్రాసెస్‌లో ఉందంటున్నారు.